ఒక మెట్ట, రెండు చుక్కలు

నేనేం ఉద్యోగం చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ "బస్సుల బొమ్మలు గీత్తాది" అని చెబుతుంది. ఆమె తప్పేం లేదు. కరెంటు లైన్లు వచ్చి కలిసే చోటుని మా పనిలో బస్సు అంటారు. "ఆ బస్సు తీసేయండి, ఈ రెండు బస్సులూ కలిపేయండి" అని నేను ఫోన్లో అరుస్తుంటే విని, కూతురికి బస్సుల ఆఫీసులో పని దొరికిందని ఆమె తృప్తి పడిపోయింది. ఒకటి రెండుసార్లు సరిదిద్దబోయి, ఇక నా వల్ల కాక ఊరుకున్నాను.

మా ఆఫీసు సీతమ్మధారలో, ఒక పిల్లల డాక్టరు క్లినిక్కు పై అంతస్తులో ఉంది. కింద సూదిమందుకి భయపడి ఏడ్చే పిల్లలు, పైన మేము. కరెంటాఫీసు వాళ్ళు తమ లైన్ల వివరాలన్నీ ఇస్తే మేం వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేసి బొమ్మగా మారుస్తాం. ప్రతి సబ్‌స్టేషనూ, ట్రాన్స్‌ఫార్మరూ, స్విచ్చూ ఒక చుక్క. వాటి మధ్య తీగ ఒక గీత. మొదటిసారి అన్నీ ఒక్కసారే తెర మీద పడినప్పుడు అది దువ్వెనకి చిక్కిన వెంట్రుకల ఉండలా ఉంటుంది. అందులో గోపాలపట్నం ఎక్కడో, పోర్టు ఎక్కడో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

అందుకని ముందు చిక్కు తీస్తాం. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా చుక్కల్ని అటూ ఇటూ జరుపుతాం. ఆ తర్వాత తగ్గిస్తాం. వరసగా నిలబడ్డ స్తంభాలన్నీ కలిపి ఒకే గీత చేస్తాం. ఒక వీధిలోని చిన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నీ కలిపి ఒక ముద్ద చేస్తాం. దేనికీ తగలకుండా గాల్లో ఆగిపోయిన తోకల్ని తీసేస్తాం. ఈ ఆఖరి పనికి మా ఆఫీసులో "నలకలేరడం" అని పేరు. మనుషులు కూర్చుని ఏరేది కాదు. సాఫ్ట్‌వేర్‌తోనే ఆ నియమం వచ్చింది. మీట నొక్కితే తోకలన్నీ మాయమైపోయి, కడిగిన పళ్ళెంలా బొమ్మ మిగులుతుంది.

ఈ పనంటే నాకు ఇష్టం. ఇష్టమేమిటి, గర్వం. అంత గందరగోళంలోంచి ఒక తీరు బయటపడుతుంటే చూడటానికి బాగుంటుంది. కాకపోతే మా మేనేజరు సారు బొమ్మని ఇంకా తగ్గించమని ఎప్పుడూ నా ప్రాణం తీసేవారు. "మంత్రిగారు చూసినా అర్థమయ్యేలా ఉండాలమ్మా" అనేవారు. "మంత్రిగారు స్తంభం ఎక్కరు కదా సార్" అని ఒకసారి అనేశాను. ఆయన నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

స్తంభం ఎక్కేది మా బావ. మా అక్క భర్త. గోపాలపట్నంలో లైన్‌మన్.

అతనిదీ మాదీ తగరపువలస వైపు పల్లెలే. వాళ్ళవీ మావీ పక్కపక్క పొలాలు. ఇప్పుడు ఆ పొలాల్లో మా వాళ్ళెవరూ లేరు, అందరూ ఏదో ఒక ఉద్యోగం పట్టుకుని సిటీలోకి వచ్చేశారు. బావ మాట్లాడితే మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరిగెడతాయి. ఫ్యూజు పోతే వీధి వాళ్ళు ఆఫీసుకి ఫోన్ చెయ్యరు, బావకే చేస్తారు. అతను స్తంభం మీద ఉండే కింద ముసలమ్మతో వియ్యపురాలి గొడవలు మాట్లాడుతుంటాడు. నేను వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలోనే "ఏటి మరదలా, ఈయాల ఎన్ని బస్సులు తోలినావు?" అని మొదలుపెట్టేవాడు. నాకు కోపం తెప్పించి చూడటం అతనికి కాలక్షేపం. నాకు కోపం రావడానికి పెద్ద కష్టపడక్కర్లేదు కూడా.

మా కంపెనీ చేసిన బొమ్మని కరెంటాఫీసు వాళ్ళు లైన్‌మన్ల ఫోన్లలోకి ఇచ్చినప్పుడు బావ సంబరం ఇంతా అంతా కాదు. ఆగిపోయిన లైను ఎటు నుంచి వస్తోందో, ఎటు పోతోందో వేలితో జరిపి చూసుకోవచ్చు. "మా మరదలు గీసిందిది" అని తోటివాళ్ళకి చూపించుకునేవాడట. అది గీసింది ఆఫీసు ఆఫీసంతా కలిసి. గోపాలపట్నం ముక్క నా చేతికి రానే లేదు, వేరే టీము చేసింది. ఆ సంగతి చెప్పినా బావ వినిపించుకోలేదు. అతని లెక్కలో విశాఖపట్నం మొత్తం నేనే గీశాను.

గోపాలపట్నం వెనక కొండల వైపు చీమలమెట్ట అని ఒక చిన్న మెట్ట ఉంది. మీద కొన్ని ఇళ్ళు, మోటారుతో నిండే ఒక నీళ్ళ ట్యాంకు. బావ వాళ్ళ ఆఫీసు నుంచి ఒక లైను ఇటువైపుగా మెట్ట ఎక్కుతుంది. అవతలివైపు వేరే సబ్‌స్టేషన్ నుంచి ఇంకో లైను వచ్చి మెట్ట మీదే ఆగుతుంది. రెండిటికీ మధ్య ఒక స్విచ్చు ఉంది. మామూలుగా అది తెరిచే ఉంటుంది, ఒక వైపు పోతే రెండో వైపు నుంచి ఇవ్వడానికి దాన్ని మూస్తారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. బావకి మాత్రం తెలియనే తెలియదు. ఆ మెట్ట అతని పరిధికి ఆఖరు. అవతలి దిగుడు వేరే ఆఫీసుది, స్విచ్చూ వాళ్ళదే.

ఆ వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలి వేసింది. పొద్దునకి మెట్ట కింద ఒక స్తంభం మీద జంపరు కాలిపోయి ఉంది. ఇటు తీగని అటు తీగకి కలిపే చిన్న తీగముక్కని జంపరంటారు. అది తెగితే అవతల ఉన్నవాళ్ళకి కరెంటు ఉండదు. మెట్ట మీది వాళ్ళు నీళ్ళు రావడం లేదని రెండు ఆఫీసులకీ ఫోన్లు కొట్టారు. రెండు ఆఫీసులూ కదిలాయి.

బావ ఇటు నుంచి వెళ్ళాడు. లైన్ ఆపించి, తాను మళ్ళీ చెప్పేదాకా వెయ్యబోమని ఆఫీసు నుంచి మాట తీసుకున్నాడు. వాళ్ళు దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటారు. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి దిగిపోయేలా తీగలకి ఎర్తు రాడ్లు తగిలించాడు. రాడ్లు రెండు వైపులా వెయ్యాలని నియమం. జీపులో ఒక్క జతే ఉంది, రెండోది వేరే గ్యాంగు పట్టుకుపోయింది. సబ్‌స్టేషన్ వైపు వేశాడు. అవతలి వైపు సంగతి ఫోన్లో బొమ్మ చూసుకున్నాడు. స్తంభం దాటాక లైను మెట్ట దాకా పోయి ఆగిపోయింది. దానికి అటు నుంచి కరెంటు వచ్చే దారే లేదు. ఎక్కాడు.

అదే సమయంలో మెట్ట అవతల ఇంకో ఆఫీసు లైన్‌మన్ స్విచ్చు దగ్గర నిలబడి ఉన్నాడు. మెట్ట వాళ్ళకి తమ వైపు నుంచి కరెంటు ఇద్దామని హ్యాండిల్ వెయ్యనా అని తన ఆపరేటర్‌ని ఫోన్లో అడిగాడు. ఆపరేటర్ తెర మీద చూసుకున్నాడు. "సీమలమెట్ట మీద ఎవులూ ఎల్సీ తీసుకోనేదు, ఏసెయ్" అన్నాడు. వేశాడు.

బావ అప్పుడు అవతలి తీగ పట్టుకుని ఉన్నాడు.

నడుముకి కట్టుకున్న బెల్టు వల్ల కింద పడలేదు. దించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం నిలిచింది. కుడిచెయ్యి మోచేతి కింద దాకా తీసేశారు. ఎడమ చేతిలో వేళ్ళు ముడుచుకుపోయి గ్లాసు కూడా పట్టుకోలేవు. నేను వెళ్ళేసరికి అక్క వరండాలో గోడకి ఆనుకుని, ఎవరో తెచ్చిన టీ చేతిలో పెట్టుకుని తాగకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి "సెయ్యి తీసీసారే" అంది. ఆ కప్పు తీసుకెళ్ళి పారబోసి వచ్చాను.

విచారణ జరిగింది. ఎక్కువ సమయం పట్టలేదు. రెండు వైపులా రాడ్లు వెయ్యకపోవడం వల్ల, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ప్రమాదం అని రాశారు. అవతలి వైపు నుంచి కరెంటు ఎలా వచ్చిందన్నదానికి "వేరే మార్గం ద్వారా" అని రెండు మాటలు పెట్టారు. ఆ మార్గం ఏమిటో ఎవరూ విప్పలేదు.

బావ ఇంటికొచ్చాక నొప్పని ఒక్కసారీ అనలేదు. నాదే తప్పు, రెండో వైపు రాడ్డేసుంటే సరిపోను, అని మాత్రం అనేవాడు. ఉదయం అనేవాడు, అన్నం దగ్గర అనేవాడు. చూడ్డానికి వచ్చిన తోటి లైన్‌మన్లు ఊరుకో బావా, మనందరం అలాగే ఎక్కుతాం అన్నా వినేవాడు కాదు. వాళ్ళ పాప బడి నుంచి రాగానే మొహం గోడ వైపు తిప్పుకునేవాడు. తన చెయ్యి తనే పోగొట్టుకున్న మనిషిని పిల్ల ఏం గౌరవిస్తుంది అని అక్కతో అన్నాడట.

ఒకరోజు అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఒలే, ఆ కరెంటు ఎటునుండొచ్చిందో నువ్వు సూడు. బొమ్మలు మీయే గదా. సెయ్యి పోయినందుక్కాదే ఈ మనిషి ఇలగైపోతన్నాడు. తనే సేసుకున్నాననుకుని లోపల్లోపల సచ్చిపోతన్నాడు. కాదని సూపించు. నాకింకేటీ ఒద్దు."

"సూత్తానక్కా" అన్నాను. ఎన్నాళ్ళకో నా నోటి నుంచి ఆ మాట అలా వచ్చింది.

ఇది చెప్పాలి. నేనూ ఒకప్పుడు అక్కలాగే మాట్లాడేదాన్ని. కాలేజీలో చేరిన మొదట్లో నేను నోరు తెరిస్తే వెనక బెంచీ నవ్వేది. నన్ను వెక్కిరిస్తే పడుండే రకాన్ని కాదు, ఇద్దరితో దెబ్బలాడాను కూడా. కానీ దెబ్బలాడుతూనే మార్చేసుకున్నాను. 'నాను' పోయి 'నేను' వచ్చింది, 'ఏటి' పోయి 'ఏమిటి' వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో నా తెలుగు వింటే నాది ఏ ఊరో ఎవరూ చెప్పలేరు. అది నేను కష్టపడి సంపాదించుకున్నదే. దానికి సంతోషించాలో ఏడవాలో ఈ ఏడాది దాకా ఆలోచించలేదు.

మర్నాడు ఆఫీసులో గోపాలపట్నం బొమ్మ తెరిచాను. తగ్గించింది కాదు, నలకలు ఏరకముందుది, వెంట్రుకల ఉండ. చీమలమెట్ట చుక్కని వెతికి పట్టుకున్నాను. బావ చెప్పింది నిజమే. లైను అక్కడికి వచ్చి ఆగిపోయింది. చుట్టుపక్కల ఇంకే లైనూ దాన్ని తాకడం లేదు. మధ్యాహ్నం దాకా చూశాను. అవతలి సబ్‌స్టేషన్ లైన్లు ఒక్కొక్కటీ చివరిదాకా పట్టుకెళ్ళాను. అందులో ఒక లైను చివర ఒక స్విచ్చు, స్విచ్చుకి అవతల ఏమీ లేదు. గాల్లో వేలాడుతున్న తోక. ఆ చివరి చుక్క పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, 'ఎస్'తో మొదలైంది. సీమలమెట్ట.

నేను దాన్ని చూశాను, చదివాను, దాటిపోయాను. సీమ అంటే ఏదో సీమచింత చెట్లున్న మెట్ట అయ్యుంటుందనుకున్నాను. నా ఇస్త్రీ చేసుకున్న తెలుగు నాకు అలాగే చెప్పింది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. ఏటైనా కనిపించిందా అని. లేదన్నాను. "సీమలమెట్ట కాడే సూడే, అక్కడే గదా కరెంటు కొట్టింది" అంది.

నా కళ్ళ ముందు తెర మీద అదే మాట, అక్క అన్నది అన్నట్టుగా, అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఫోన్ పెట్టేశాను. పక్క సీటులో ఉండే ఆవిడ, మా అందరికంటే పెద్దది, ప్రతి ఆదివారం చర్చిలో పాడుతుంది, నా మొహం చూసి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ఆమెకి తెర చూపించి ఒక్కటే అడిగాను. "చీమని మీ ఇంట్లో ఏమంటారు?" ఆమె ఆలోచించకుండా "సీమ" అంది. అని, తెర వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత చిక్కంతా దానంతటదే విడిపోయింది. పాత రికార్డుల్లో ఆ మెట్ట చీమలమెట్ట. కొత్తగా సర్వే చేసినప్పుడు ఎవరో వేరే జిల్లా నుంచి వచ్చిన సర్వే అతను విన్నది విన్నట్టు రాసుకున్నాడు, సీమలమెట్ట. ఇటు లైనుకి పాత పేరు ఉంది, అటు లైనుకి కొత్త పేరు. మెట్ట ఒక్కటే, చుక్కలు రెండు. సాఫ్ట్‌వేర్‌కి అవి వేరు వేరు ఊళ్ళు. స్విచ్చు రెండిటినీ కలుపుతుందని దానికి తెలియదు కాబట్టి, అవతల ఏమీ లేని స్విచ్చు ఉట్టి తోక. తోక అంటే నలక. నలకని ఏరి పారేసింది. ఇటు ఆపరేటర్ చీమలమెట్ట చూసుకున్నాడు, అటు ఆపరేటర్ సీమలమెట్ట చూసుకున్నాడు. ఇద్దరి బొమ్మా శుభ్రంగా ఉంది.

ఇది అన్ని చోట్లా జరిగే తప్పు కాదు. చీమని సీమ అనే చోటే జరుగుతుంది. ఆపరేటర్లిద్దరూ మా వైపు వాళ్ళే. ఎదురెదురుగా కూర్చుని ఒకరి తెర మీది మెట్ట పేరు ఒకరు పైకి చదువుకుని ఉంటే ఇద్దరి నోటా ఒకే మాట వచ్చేది. రాతలోనే అది రెండైంది.

సారు గదిలోకి వెళ్ళి చూపించాను. ఆయన మంచాయనే, కృష్ణా జిల్లా మనిషి. రెండు పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి చదివారు.

"ముందు కలిపేయండమ్మా. ఇప్పుడే. ఇంకొకడు ఎక్కకముందే."

అది నిజం. ఆ రెండు చుక్కలూ అలా ఉన్నంతసేపూ ఇంకో మనిషి చెయ్యి ఆ తీగ మీద పడొచ్చు. కలిపేస్తే మాత్రం, రెండుగా ఉండేవన్న గుర్తే ఫోన్లలోంచి పోతుంది. రేపెవరైనా తెరిచి చూస్తే స్విచ్చూ, రెండో దారీ శుభ్రంగా కనిపిస్తాయి. కనిపిస్తుంటే ఎందుకెక్కావయ్యా అని బావనే అడుగుతారు. నా చెయ్యి మీట మీద ఎంతసేపు ఉండిపోయిందో తెలియదు. నొక్కాను. నొక్కేముందు పాత బొమ్మని విడిగా దాచాను, అందరికీ తెలిసేలానే దాచాను.

"ఈ రెండూ విచారణ వాళ్ళకి పంపుదాం సార్. ముందుదీ, తర్వాతదీ."

"మనల్ని అడిగింది సరిచేసిన మోడల్ అమ్మా. కథ కాదు."

"ఇది కథ కాదు సార్. మా బావ చెయ్యి."

ఆయన ఆ మాటకి తల దించుకున్నారు. "మీ పేరున పంపండి, నేను అడ్డురాను" అన్నారు. నాకు అంతకంటే ఎక్కువ కావాలి. కానీ అదీ దొరుకుతుందని అనుకోలేదు.

పంపాను. జవాబు రాకపోతే నేనే వెళ్ళాను. విచారణ చేసిన అధికారి కూర్చోమన్నారు, మజ్జిగ తెప్పించారు, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ఓపిగ్గా విన్నారు. విని, పేర్ల సంగతి బాగా పట్టుకున్నావమ్మా అని మెచ్చుకున్నారు. అన్ని సెక్షన్లలోనూ ఇలాంటి జంట పేర్లు వెతికిస్తామన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మరి నిర్లక్ష్యం అన్న మాట తీసేస్తారా సార్?"

"అదెలా తీస్తామమ్మా? బొమ్మ చూసుకోవడానికే. దాన్ని నమ్మి ప్రాణం పెట్టమని ఎవరూ చెప్పలేదు. రాడ్లు రెండు వైపులా వెయ్యమని నియమం ఉంది."

"జీపులో ఒక్క జతే ఉంది సార్."

"అయితే ఎక్కకూడదు."

ఆయన మాటలో తప్పు పట్టుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు. అందుకే ఒళ్ళు మండిపోయింది. రాడ్లు లేవని ఎక్కకపోతే మెట్ట మీద నీళ్ళు రావు, నీళ్ళు రాకపోతే మళ్ళీ ఫోన్లు, అప్పుడు ఎక్కనందుకు నిర్లక్ష్యం అని రాసేవారు. ఇదంతా అన్నాను. గట్టిగానే అన్నాను. గుమ్మం దగ్గర ప్యూను తొంగి చూశాడు. ఆయన మాత్రం కోపగించుకోలేదు. మజ్జిగ తాగమన్నారు. తాగకుండా వచ్చేశాను.

సరే, రాత మారలేదు. అక్క అడిగింది రాత కాదు కదా అనుకున్నాను. బావకి తెలిస్తే చాలు.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని గోపాలపట్నం వెళ్ళాను. బావ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడింది. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి, ముందు ఫోన్లో అతను చూసిన బొమ్మ చూపించాను. "ఇదే, ఇదే సూసినాను" అన్నాడు. తర్వాత నలకలు ఏరకముందుది చూపించాను. లైను, తోక, స్విచ్చు, అవతలి సబ్‌స్టేషన్. కరెంటు వచ్చిన దారంతా వేలితో గీసి చూపించాను.

బావ ముందుకి వంగాడు. ఎన్నో వారాల తర్వాత అతని కళ్ళు కదలడం చూశాను.

"అయితే అటునుండొచ్చిందా?"

"అటు నుంచే బావా."

"బొమ్మలో నేదు గదా మరి. నాను సూసినప్పుడు నేదు."

"లేదు. నీకే కాదు, ఎవరికీ కనపడేది కాదు."

"అదీ! నాను పిచ్చోణ్ణేటి సూడకుండా ఎక్కడానికి!" అని అక్క వైపు తిరిగాడు. "ఇన్నావా? సూసే ఎక్కినాను." అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అతను నవ్వాడు కూడా. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఆ నవ్వే. దొరికింది. అక్కడితో ల్యాప్‌టాప్ మూసేసి ఉంటే బాగుండేది.

"మరెందుకు కనపడనేదు?" అన్నాడు.

చెప్పాను. ఒకే మెట్టకి రెండు పేర్లు పడ్డాయని, పాత దాంట్లో చీమలమెట్ట అని ఉందని, కొత్త సర్వేలో సీమలమెట్ట అని రాశారని, మిషను వాటిని రెండు ఊళ్ళనుకుందని. చాలా తేలిగ్గా, పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. నా పనే అది, చిక్కుని తేలిక చెయ్యడం.

బావ నవ్వు మెల్లగా ఆగింది.

"ఆ సర్వే మనిషి," అన్నాడు, "నా బండి ఎనకాలే కూకున్నాడు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మెట్ట అవతల దాకా తిప్పమన్నారు, తిప్పినాను. ఊళ్ళ పేర్లన్నీ నానే సెప్పినాను. సీమలా అని మళ్ళీ అడిగినాడు గూడా. ఔను బాబూ, సీమలే అన్నాను."

"అతను సరిగ్గా వినలేదు బావా. బయటివాడు, తెలుసుకుని రాయాల్సింది. అడిగి, పాత రికార్డు చూసి..."

"నేదు మరదలా," అన్నాడు. "బాగానే ఇన్నాడు. నానేటన్నానో అదే రాసినాడు."

ఆ తర్వాత నేను ఏమేమి అన్నానో నాకే గుర్తు లేదు. అరిచానని అక్క చెబుతుంది. ఆ మెట్ట మీద పుట్టిన ప్రతివాడూ దాన్ని సీమలమెట్ట అనే అంటాడు, పేరు వాళ్ళది, వాళ్ళ నోట్లో ఎలా ఉంటే అదే దాని పేరు, రాసినవాళ్ళది తప్పు గానీ పలికినవాళ్ళది కాదు, అన్నానట. "నానూ అలాగే అంతాను" అన్నానట. ఇప్పటికీ అదే అంటాను. అన్నీ విని బావ సరే అన్నట్టు తల ఊపాడు. నాకు నీరసం వచ్చేలా తల ఊపాడు. తప్పు రాడ్డు మీద నుంచి లేచి అతని నాలుక మీద కూర్చుంది. ఒకటి తీసేద్దామని వెళ్ళి, అంతకంటే దగ్గరి దాన్ని ఇచ్చి వచ్చాను. రాడ్డంటే ఒక్కరోజు వెయ్యలేదు. మాట రోజూ ఉంటుంది.

ఆ రోజు నుంచి అతను నాదే తప్పు అనడం మానేశాడు. అక్క మొదట సంతోషించింది. కొన్నాళ్ళకి గమనించింది, అసలు మాట్లాడటమే తగ్గిపోయిందని. వీధిలో వాళ్ళు పలకరిస్తే చెయ్యి ఊపబోయి, అది లేదని గుర్తొచ్చి, తల ఊపి ఊరుకుంటాడు. మధ్యాహ్నాలు ఒక్కడే కూర్చుని పెదాలు కదుపుతుంటాడట. ఏమిటా అని అక్క దగ్గరికి వెళ్తే ఆపేస్తాడట.

మొన్న నేను వెళ్ళేసరికి భోజనాల వేళ. అక్క అన్నం కలిపి అతని నోటికి అందిస్తోంది, పాప పక్కన కూర్చుని తన కంచంలో తను తింటోంది. నన్ను చూసి అతను బస్సుల మాట ఎత్తలేదు. కూర వాసన పీల్చి, అక్క వైపు చూసి, "ఏ..." అని ఆగాడు. "కూర ఏమిటి?" అన్నాడు. మా ఇళ్ళల్లో ఎవరూ అలా అడగరు. అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"సేపలు," అంది అక్క.

అతను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నాలుకని పళ్ళ వెనక పెట్టి, కూడబలుక్కుని, "చే" అన్నాడు. ఆగి, "చేపలు" అన్నాడు.

అప్పుడు కూతురి వైపు తిరిగి, సరిగ్గా అన్నానా అని అడిగాడు.